గంట స్తంభం బజారుకు ముందు కావాల్సింది రోడ్డు వెడల్పు కాదు

నమస్కారం అండి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయనగరం గంట స్తంభం దగ్గర మీ తాతగారి నాటి ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు ఉందని, అయిదారేళ్లుగా గిరాకీ అంతా రింగ్ రోడ్డు, బాలాజీ జంక్షన్ వైపు మళ్లిపోతోందని రాశారు. వర్తకులంతా కలిసి కార్పొరేషన్‌కి అర్జీ ఇవ్వబోతున్నారు. అందులో రోడ్డు వెడల్పు చెయ్యమని, అంతస్తుల పార్కింగ్ భవనం ఒకటి కట్టమని అడుగుదామనుకుంటున్నారు. ఈ రెండూ వస్తే పాత బజారు మళ్లీ కళకళలాడుతుందా అని మీ సందేహం.

నేను ఉత్తరాంధ్ర మున్సిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పెరిగింది కొత్తపేటలో. పండగ బట్టలకి అమ్మ చెయ్యి పట్టుకుని మీ వీధిలోనే నడిచినవాణ్ని. అందుకే సూటిగా చెప్తున్నాను: రోడ్డు వెడల్పు అడగకండి. పార్కింగ్ భవనం కూడా ఇప్పుడే అడగకండి. ఎందుకో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్ళో (పేరు వద్దు) బజారు రోడ్డు వెడల్పుకి గోడల మీద ఎర్ర రంగు గీతలు గీసిన జట్టులో నేనూ ఉన్నాను. ఇరవై అడుగుల లోతున్న కొట్లలో ఎనిమిది అడుగులు పోయాయి. అంటే ఒక్కో కొట్టులో నలభై శాతం. మిగిలిన పన్నెండు అడుగుల్లో అద్దాల బీరువా పెడితే మనిషి నిలబడే చోటు లేదు, మనిషికి చోటు వదిలితే సరుకుకి చోటు లేదు. రెండేళ్లు తిరక్కుండానే కొత్తగా వచ్చిన ఆ ఎనిమిది అడుగుల్లోనూ బైకులు నిలబడ్డాయి. మధ్యలో వదిలిన దారి పాత రోడ్డంతే మిగిలింది. తేడా ఏమిటంటే, ఖాళీగా ఉన్న వేళల్లో బండ్లు జోరుగా పోయేవి, ఇటు కొట్టులోంచి అటు కొట్టుకి దాటడానికి పెద్దవాళ్లు భయపడేవారు. వీధికి రెండు వైపులా తిరుగుతూ బేరం చేసే అలవాటు అక్కడితో పోయింది. నాలుగు తరాల మిఠాయి దుకాణం ఒకటి మూతపడింది. ఆ గీత గీసిన చెయ్యి నాది. ఆ విషయం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

బజారుకి డబ్బులిచ్చేది అక్కడ ఆగిన మనిషి. మీ ముందు నుంచి జోరుగా దాటిపోయే బండి ఎంత ఖరీదైనదైనా మీకు పైసా ఇవ్వదు. నడిచే మనిషి బిందె కోసం వచ్చి గరిటె చూస్తాడు, గరిటె కోసం వచ్చి పక్క కొట్టులో గాజులు చూస్తాడు. కాబట్టి మీ వీధిలోకి ఎన్ని బండ్లు వస్తాయన్నది పక్కన పెట్టండి. ఎంతమంది మనుషులు ఎంతసేపు ఉంటారన్నది చూడండి.

దీనికి రుజువు కోసం విదేశాలకి వెళ్లనక్కర్లేదు. ఏటా విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను (పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మాను) మన వీధిలోనే కదా తిరుగుతుంది! మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు. దాదాపు అరవై అడుగుల మాను, ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల, చుట్టూ లక్షల జనం. ఆ రోజు మన రోడ్డు ఇరుకని ఎవరైనా అన్నారా? మనిషికి ఆ వెడల్పు చాలు. ఇరుకైంది నిలబెట్టిన బండ్ల వల్ల.

ఇక పార్కింగ్. భవనం కడితే కట్టడానికి కోట్లు, నడపడానికి మనుషులు కావాలి. రెండు నిమిషాల పనికి మూడో అంతస్తు ఎక్కి బండి పెట్టేవాణ్ని నేను నా సర్వీసులో ఎక్కడా చూడలేదు. ముందు మీరు ఒక పని చెయ్యండి. మీ వీధిలో ఒక వంద మీటర్లు ఎంచుకుని, ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది దాకా అరగంటకోసారి అక్కడ నిలబెట్టిన ప్రతి బండి నంబరులో చివరి నాలుగంకెలు కాయితం మీద రాయించండి. కాలేజీ పిల్లలిద్దరు చాలు. సాయంత్రానికి ఏ బండి ఎన్ని గంటలు ఉందో తెలిసిపోతుంది. నేను ఈ లెక్క తీయించిన ప్రతి ఊళ్ళోనూ కొట్ల ముందు పొద్దున్నుంచి కదలని బండ్లలో ఎక్కువ భాగం కొట్ల యజమానులవి, పనివాళ్లవే. కోపం తెచ్చుకోకండి, ఇది మీ చేతిలో ఉన్న మందు కాబట్టి చెప్తున్నాను. ఒక బైకు నిలిపే చోటు యజమాని బండికి పది గంటలు పోతే ఒక్క బండికే సరి. అదే చోటు అరగంటకొకరు చొప్పున కొనేవాళ్లకి వదిలితే రోజుకి ఇరవై మంది. మీ వీధిలో అలాంటివి యాభై బండ్లుంటే, అవి పక్క సందులోనో ఖాళీ స్థలంలోనో పెట్టుకుంటే, రోజుకి వెయ్యి మంది కొనేవాళ్లకి చోటు దొరుకుతుంది. అర్జీ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. అసోసియేషన్ మీటింగులో ఒక తీర్మానం చాలు. కార్ల సంగతి కూడా చెప్పాలి. ఒక కారుకి కావాల్సిన చోటు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు. అందులో నాలుగైదు బైకులు పడతాయి. మన ఊళ్ళో బజారుకొచ్చేవాళ్లు ఎక్కువమంది బైకు మీదో ఆటోలోనో వస్తారు, కాబట్టి గంట స్తంభం చుట్టూ మొదటి హక్కు వాటికే ఉండాలి.

ఇప్పుడు అసలైన విషయానికి వస్తాను. మీ అర్జీలో మొదటి పేజీ అంతా దీనికే ఇవ్వండి: డ్రైనేజీ కాలువ, దాని మీద నడిచే దారి. మన బజార్లలో కొట్టుకీ రోడ్డుకీ మధ్య కాలువ ఉంటుంది. ప్రతి కొట్టువాడూ తన గుమ్మం ముందు తన ఎత్తులో ఒక పలక వేయించుకుంటాడు. ఒకరిది అడుగెత్తు, పక్కవారిది అడుగున్నర, మరొకరిది ఏటవాలు, ఆ పక్కన ఖాళీ కంత. దాని మీద పది కొట్లు వరసగా నడవడం కుర్రాళ్లకే కష్టం. చంకలో పిల్లాణ్ని ఎత్తుకున్న తల్లి, మోకాళ్ల నొప్పులున్న మామ్మగారు రోడ్డు మీదకి దిగాల్సిందే. దిగితే వెనక హారన్. ఆ టెన్షన్‌లో ఎవరు మీ కొట్టు వైపు తల తిప్పుతారు? పైగా ఆ పలకల్ని సిమెంటుతో బిగించేస్తారు కాబట్టి పూడిక తీయడానికి వీలుండదు. మొదటి గట్టి వానకే నీళ్లు రోడ్డెక్కుతాయి.

అందుకని అడగాల్సింది ఇది. వీధి పొడవునా ఒకే మట్టంలో కాలువ కట్టాలి. దాని మీద ఇద్దరు మనుషులు ఎత్తగలిగిన విడి పలకలు వేయాలి, ఎక్కడా బిగించకూడదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల్లో నడిచే దారికి అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని, రోడ్డు నుంచి దాని ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని ఉంది. ఆరడుగుల వెడల్పు, జానెడు కంటే తక్కువ ఎత్తు. ఆ రెండు అంకెలూ అర్జీలో రాయండి. అంకె లేని కోరిక ఆఫీసులో ఫైలు కింద పడిపోతుంది. అంకె ఉంటే ఇంజనీరు ఎస్టిమేట్ వేస్తాడు. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మలు, బోర్డుల కాళ్లు ఆ ఆరడుగుల్లో రాకూడదని కూడా చేర్చండి. మట్టం నిర్ణయించేటప్పుడు అందరికంటే పల్లంలో ఉన్న గుమ్మం చూడాలి. లేకపోతే కొత్త రోడ్డు ఎత్తు పెరిగి పాత కొట్లలోకి నీళ్లు దిగుతాయి. పాత రోడ్డు మీదే మళ్లీ మళ్లీ తారు పోయకుండా, గీకి కొత్త పొర వెయ్యమని రాయండి.

సిరిమాను దారిలో మరో జాగ్రత్త ఉంది. అందం కోసమని శాశ్వతంగా కట్టిన పూలతొట్లు, దిమ్మలు, ఇనప కమ్మీలు ఆ దారి మలుపుల్లో పనికిరావు. ఏది పెట్టినా పండగకి ఊడదీసి మళ్లీ పెట్టుకునేలా ఉండాలి. బయటి నుంచి వచ్చే కన్సల్టెంట్‌కి ఈ సంగతి తెలియదు. మీరే చెప్పాలి.

రెండో కోరిక మరుగుదొడ్డి. చాలామంది వర్తకులు దీన్ని చిన్న విషయం అనుకుంటారు. నా లెక్కలో ఇది రోడ్డు కంటే పెద్దది. మాఘం, శ్రావణం పెళ్లి సీజన్లో గజపతినగరం, నెల్లిమర్ల, గంట్యాడ, బొండపల్లి వైపు నుంచి ఇంటిల్లిపాదీ వస్తారు. బట్టలు, బంగారం, సామాన్లు కలిపి కనీసం అయిదారు గంటల పని. అందులో సగం మంది ఆడవాళ్లు. వాళ్లకి మూడు గంటల తర్వాత వెళ్లడానికి శుభ్రమైన చోటు ఎక్కడుంది? పొద్దున్న బయల్దేరేటప్పుడే నీళ్లు తాగడం మానేస్తారు. మధ్యాహ్నానికి తలనొప్పి, 'మిగతాది ఇంకోసారి చూద్దాం' అని తిరుగు బస్సు. ఆ మిగతా దాంట్లోనే మీ బిందెలు, పళ్లేలు ఉంటాయి. కొత్త మాల్‌లోకి జనం వెళ్లడానికి ఏసీ ఒక్కటే కారణం కాదు, లోపల బాత్రూం ఉంటుంది, కూర్చోడానికి బల్ల ఉంటుంది. ఆడవాళ్లకి విడిగా, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా జీతం ఇచ్చి మనిషిని పెట్టిన మరుగుదొడ్డి, తాగునీళ్లు, నీడలో పది బల్లలు. పార్కింగ్ భవనం ఖర్చులో చిన్న ముక్కతో అయిపోయే పని ఇది.

నీడ గురించి రెండు మాటలు. పాత కొట్లకి ముందు పంచలు ఉండేవి, ఎండావానా రెండిటికీ కాచేవి. షట్టర్లు వచ్చాక అవి పోయాయి. వీధి పొడవునా ఒకే ఎత్తులో, నడిచే దారి మీదకి వచ్చే రేకో గుడ్డో వేయిస్తే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా చచ్చిపోయే బేరం కొంతైనా నిలుస్తుంది. చెట్లు నాటడానికి చోటున్న మలుపుల్లో వేప, కానుగ వెయ్యండి.

మేడల మీద సంగతి ఎవరూ మాట్లాడరు. మీ వీధిలో రాత్రి తొమ్మిదిన్నరకి తలెత్తి చూడండి, ఎన్ని కిటికీల్లో లైటు ఉంది? ఒకప్పుడు కింద కొట్టు, మీద కాపురం. పొద్దున్న పాల ప్యాకెట్టు, సాయంత్రం కూరలు, రాత్రి మందుల షాపు, అన్నీ ఆ కాపురాల వల్లే నడిచేవి. ఇప్పుడు మేడ మీద గోడౌన్లు, లేకపోతే తాళాలు. మనుషులు లేని వీధి రాత్రి భయపెడుతుంది, పగలు నీరసంగా ఉంటుంది. ఇది చాలా దేశాల్లో చూసిన నిజం. అమెరికాలో కలమజూ అనే ఊళ్ళో 1959లో నడిబజారు నుంచి బండ్లు తీసేసి నడిచే వీధిగా మార్చారు, ఆ దేశంలో అదే మొదటిది. దాన్ని చూసి ఎన్నో ఊళ్లు అలాగే చేశాయి. చాలాచోట్ల వీధి అందంగా తయారైంది కానీ చుట్టుపక్కల కాపురాలు అప్పటికే ఊరి బయటికి పోయాయి, నడవడానికి మనిషి లేడు. కలమజూలోనే 1998లో కొంత భాగానికి మళ్లీ బండ్లు రానిచ్చారు. అదే కోపెన్‌హేగెన్‌లో 1962లో మొదలైన స్ట్రోగెట్ వీధి ఈనాటికీ జనంతో నిండి ఉంటుంది, ఎందుకంటే ఆ నగరం నడిబొడ్డున జనం కాపురం ఉంటూనే ఉన్నారు.

మన దగ్గర మేడలు ఖాళీ కావడానికి కారణాలు వేరు. ఉమ్మడి ఆస్తి తగాదాలు, ఇరుకు మెట్లు, పై అంతస్తుకి ఎక్కని కుళాయి నీళ్లు, ఎప్పుడో కుదిరిన అద్దె పెరగక రిపేరు మానేసిన యజమానులు. వీటిలో తగాదాలు మనం తీర్చలేం. కానీ మెట్ల దారి విడిగా బయటి నుంచి పెట్టుకోవడానికి ప్లాను అనుమతి త్వరగా ఇవ్వమని, పై అంతస్తులో కాపురం ఉంటే ఆస్తి పన్నులో కొంత తగ్గించమని అడగవచ్చు. సంగీత కళాశాల పిల్లలకి, కోటలోని కాలేజీలో చదివే ఆడపిల్లలకి అద్దె గదులు ఎప్పుడూ కరువే. మీ మేడ మీద రెండు గదులు బాగుచేసి ఒక హాస్టల్‌కిస్తే మీ వీధికి రోజూ పాతిక మంది మనుషులు వచ్చినట్టే. నా మాట విని ఇంకో ఊళ్ళో ఒకాయన అలా చేశారు. కింద ఆయన స్టేషనరీ కొట్టు నిలబడింది.

తోపుడు బండ్ల మీద మీ ప్రశ్నలో కోపం కనిపించింది. 'ముందు వాళ్లని ఖాళీ చేయించాలి' అని రాశారు. మీ బాధ తెలుసు, మీరు పన్ను కడతారు, వాళ్లు మీ గుమ్మానికి అడ్డం నిలబడతారు. కానీ రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి చట్టం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో (వీధి వ్యాపారాల సంగతి చూసే కమిటీ) కనీసం నలభై శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. తరతరాలుగా కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ చేరే చోటుని 'సహజ మార్కెట్' అని ఆ చట్టం గుర్తిస్తుంది. అమ్మవారి గుడి దగ్గర పూలు, కొబ్బరికాయలు అమ్మేవాళ్లు అలాంటివాళ్లే. రెండోది వ్యాపారం. పూలకీ పళ్లకీ వచ్చిన మనిషే మీ కొట్టు ముందు నుంచి నడుస్తాడు. వాళ్లని తరిమేసిన వీధుల్లో కొట్ల బేరం పెరగడం నేను చూడలేదు. గీత గీసి, నంబరు ఇచ్చి, ఆరడుగుల నడక దారికి బయట చోటు చూపించండి. వాళ్లు ఆశీలు (బజారు రుసుము) కడుతుంటే ఆ రసీదుకి తగ్గ మర్యాద దక్కాలి. ఆ కమిటీ మీటింగుకి మీ అసోసియేషన్ తరఫున ఒకరు వెళ్లి కూర్చోండి. గొడవల్లో సగం అక్కడే తేలిపోతాయి.

బండ్లు పూర్తిగా ఆపెయ్యాలా? మీ మిత్రుడెవరో ఢిల్లీ చాందినీ చౌక్ ఉదాహరణ చెప్పారట. అక్కడ ఎర్రకోట నుంచి ఫతేపురీ మసీదు దాకా సుమారు 1.3 కిలోమీటర్లు తిరిగి కట్టి 2021లో ప్రారంభించారు, ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు బండ్లకి నిషేధం. పక్కనే మెట్రో స్టేషన్ ఉంది కాబట్టి అది చెల్లింది. మనకి అలాంటిది లేదు. మన జనానికి బజారు ఆటో దిగి నాలుగడుగులు నడిచే దూరంలో ఉండాలి. కాబట్టి నా సలహా, ముందు ఆదివారాలు మాత్రమే, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా, గంట స్తంభం నుంచి ఒక చిన్న ముక్క. ఆటోలు రెండు చివర్లా ఆగాలి. సరుకు దింపే టాటా ఏస్‌లు రోజూ పొద్దున పది లోపు వచ్చి పోవాలి. అంబులెన్సుకి, ఫైరింజనుకి దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఎనిమిది వారాలు ప్లాస్టిక్ దిమ్మలు, తాళ్లతో నడిపి చూడండి. బేరం తగ్గితే తాడు విప్పెయ్యండి, ఏ నష్టమూ లేదు. పెరిగితే అప్పుడు రాయి వేయించుకోవచ్చు. ఆ సాయంత్రాలు వీధిలో ఏముండాలని ఎవరినీ అడగనక్కర్లేదు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాల మన ఊళ్ళోనే ఉంది. గంట స్తంభం కింద ఒక గంట వయొలిన్ కచేరీ పెట్టమంటే ఆ పిల్లలు సంతోషంగా వస్తారు.

పాత కట్టడాల గురించి గట్టిగా రాయండి. 1713లో మొదలైన కోట, 1869 నాటి మూడు లాంతర్ల కూడలి, 1885లో కట్టిన గంట స్తంభం, గురజాడ వారి ఇల్లు, ఇవన్నీ ఒక్క నడకలో చూడగలిగిన ఊరు ఉత్తరాంధ్రలో ఇంకోటి లేదు. 2020లో సుందరీకరణ పేరుతో మూడు లాంతర్ల పాత కట్టడాన్ని తొలగించినప్పుడు ఎంత గొడవ జరిగిందో మీకూ తెలుసు. అది నాకు నేర్పిందేమిటంటే, పని మొదలెట్టాక అడ్డం పడితే ఆలస్యమైపోతుంది. ముందే జాబితా కావాలి. ఏ కట్టడం, ఎంత ఎత్తు, ఏ రాయి, ఏ సున్నం, నాలుగు వైపుల నుంచి ఫోటోలు. మీ కొట్ల ముఖాలు కూడా అందులో చేర్చండి. ఇంకా మద్రాసు పెంకులు, చెక్క దూలాలు, టేకు తలుపులు మిగిలిన కొట్లు మీ వీధిలో ఉన్నాయి. వాటిని అల్యూమినియం రేకుల బోర్డులతో కప్పేశారు. ఒక్క కొట్టు బోర్డు చిన్నది చేసి పాత ముఖం కడిగి సున్నం వేస్తే పక్కవాళ్లు చూసి నేర్చుకుంటారు. మీదే మొదటిది కావాలని నా కోరిక.

చివరికి అన్నిటికంటే కష్టమైన ప్రశ్న మిగులుతుంది, రోజూ ఎవరు చూసుకుంటారు? కొత్త పలకలు వేసిన ఏడాదికే విరిగితే ఎవరు మారుస్తారు? టొరంటోలో బ్లూర్ వెస్ట్ విలేజ్ వర్తకులకి మీలాంటి కష్టమే వచ్చింది. సబ్‌వే (భూగర్భ రైలు) వచ్చి జనం భూమి లోపలి నుంచే పోయారు, ఊరి బయట మాల్స్ వచ్చాయి. 1970లో వాళ్లు చట్టం చేయించుకుని తమ మీద తామే కొంత పన్ను వేసుకున్నారు. ఆ డబ్బు నగరపాలన వసూలు చేసి మళ్లీ అదే వీధికి ఇస్తుంది, లైట్లు, బల్లలు, మొక్కలు అన్నీ దాంతోనే. మనకి అలాంటి చట్టం లేకపోయినా, అలవాటు ఉంది. మీరంతా నెలనెలా రాత్రి కాపలా గూర్ఖాకి డబ్బులు వేసుకుంటున్నారు కదా? ఆ పుస్తకమే విస్తరించండి. రెండు వందల కొట్లు రోజుకి పది రూపాయలు వేస్తే నెలకి అరవై వేలు. ఊడ్చేందుకు ఇద్దరు, మరుగుదొడ్డికి ఒకరు, చిన్న రిపేర్లకి కొంత సరిపోతుంది. ఆ పుస్తకం పట్టుకుని వెళ్తే కమిషనర్ ముందు మీ మాటకి బరువు ఉంటుంది. 'కట్టి ఇవ్వండి, చూసుకునేది మేము' అన్న వర్తకులకి నా సర్వీసులో ఏ కమిషనరూ కాదనలేదు.

ఒకవేళ రోడ్డు వెడల్పు నోటీసు ముందే వచ్చేస్తే, టీడీఆర్ బాండ్ (పోయిన స్థలానికి డబ్బుకి బదులు ఇచ్చే, వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం) అని చెప్పగానే సంతకం పెట్టకండి. ఆ బాండ్ విలువ దాన్ని కొనే బిల్డర్ ఉన్నప్పుడే. మాస్టర్ ప్లాన్‌లో మీ రోడ్డుకి ఎంత వెడల్పు రాశారో వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శి దగ్గర నకలు తీసుకోండి, అభ్యంతరం లిఖితంగా ఇచ్చి రసీదు దగ్గర పెట్టుకోండి.

ముందుగా లెక్క. ఒక మామూలు మంగళవారం, ఒక శుక్రవారం, ఒక ఆదివారం. ఉదయం పదకొండు, మధ్యాహ్నం మూడు, సాయంత్రం ఆరు, రాత్రి ఎనిమిది. ఒక్కోసారి పదిహేను నిమిషాలు నిలబడి నడిచేవాళ్లని లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు విడివిడిగా రాయండి. ఆడవాళ్ల సంఖ్య సాయంత్రం ఏడు తర్వాత ఎంత పడిపోతుందో చూస్తే మీ వీధి జబ్బేమిటో మీకే తెలుస్తుంది. అమ్మవారి పండగ నెలలో తీయకండి, తొలేళ్ల (సిరిమానుకి ముందు రోజు) నుంచి తెప్పోత్సవం దాకా వచ్చే జనం మామూలు లెక్కని తప్పుదారి పట్టిస్తారు. ఆ కాయితాలు ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. అర్జీ చిత్తు ప్రతి నేను రాసి పెడతాను.